విజయనగరం గాలి ఏ నెలలో ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలయ్యేసరికి ఇరుగుపొరుగు, బంధువులు, అయ్యకోనేరు గట్టు మీద నడకకు వచ్చేవారు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అడిగినప్పుడల్లా మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. నేను వైద్యుణ్ణి కాను, కాలుష్య నియంత్రణ ఉద్యోగినీ కాను. కాస్త పొలం ఉంది, ఒక మేడ ఉంది, తెల్లవారుజామునే ఆ మేడ ఎక్కి నాలుగు దిక్కులా చూసే అలవాటు ఉంది. శ్రీకాకుళం వారికి కూడా ఇందులో ముప్పాతిక వంతు సరిపోతుంది.

చుట్టూ పొలాలు, మామిడి తోటలే కదా. మన ఊళ్లో గాలి కాలుష్యం ఏమిటి?

ఒకప్పుడు నేనూ ఈ మాటే అనేవాణ్ణి. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 పేర్లు చేరాయి. విశాఖపట్నం, విజయవాడ ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. ఆ వరుసలో విజయనగరం, శ్రీకాకుళం కూడా ఉన్నాయి.

ఒక్క ఏడాది గాలి చెడితే ఆ జాబితాలోకి ఎక్కించరు, అయిదేళ్ల లెక్కలు చూస్తారు. మన వంటి ఊళ్లను ముంచేది ముఖ్యంగా పీఎం 10, అంటే 10 మైక్రాన్ల లోపు ధూళి. ఘనపు మీటరు గాలిలో అది ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు మించకూడదని 2009 నాటి మన జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గీసిన గీత ఇంకా కిందికి, 15 దగ్గర ఉంది.

ఢిల్లీతో పోల్చుకుని తృప్తి పడేవారు చాలామంది. పక్కింటాయనకు 104 జ్వరం వచ్చిందని మన 101 జ్వరం కాకుండా పోదు.

ఏడాదిలో ఏ నెలలు మంచివి, ఏవి చెడ్డవి?

క్యాలెండరు కన్నా చేను చూసి చెప్పడం తేలిక. ఇక్కడ గాలి పంటల వెనకే నడుస్తుంది.

తొలకరి పడి ఆకుమళ్లు పచ్చబడే జూన్ చివరి నుంచి వరి ఉభాలు, అంటే నాట్లు, ముగిసి చేలు కమ్ముకునే సెప్టెంబరు వరకు ఏడాదిలోకెల్లా మంచి గాలి. వాన దుమ్మును కడుగుతుంది. పొలమంతా నీళ్లు నిలిచి ఉంటుంది కాబట్టి లేవడానికి మట్టే ఉండదు, కాల్చడానికి ఎండినదేమీ ఉండదు. అక్టోబరు అటూ ఇటూ. తుఫాను వస్తే కడిగిన పళ్లెంలా ఉంటుంది, రాకపోతే నెలాఖరుకు మసక మొదలవుతుంది.

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా గడ్డుకాలం. కోతలు, నూర్పులు, కల్లాల దుమ్ము, గడ్డి మంటలు, చలిమంటలు, ఇటుక బట్టీలు, ఉప్పుడు బియ్యం మిల్లులు ఒకేసారి మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే గాలి స్తంభిస్తుంది. వాయవ్యం నుంచి వచ్చే పైగాలి గంగా మైదానం మీది మసకను కూడా ఒడిశా మీదుగా బంగాళాఖాతం వైపు తోస్తుంది. మన తీరం ఆ దారిలోనే ఉంది. అంటే మనం కాల్చింది, మనం కాల్చనిది రెండూ కలిపి పీలుస్తాం.

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా వేరే కథ. గాలి బాగా ఆడుతుంది, పొగ నిలవదు. కానీ దుమ్ము లేస్తుంది. దుక్కి దున్నిన పొడి నేల, తవ్వి వదిలేసిన రోడ్డు, కంకర క్వారీ, ఏదైనా సరే. ఎండ ముదిరితే వాహనాల పొగలోని వాయువులు కలిసి నేలబారున ఓజోన్ పుడుతుంది. అది కంటికి కనిపించదు, మధ్యాహ్నం గొంతులో గరగరలాడుతుంది.

పొగ ఏడాదంతా వస్తుంది కదా, చలికాలంలోనే ఎందుకు కమ్ముకుంటుంది?

దీన్ని పుస్తకంలో చదివినప్పుడు నాకు సగమే అర్థమైంది. మేడ మీద చూశాక పూర్తిగా అర్థమైంది. ఒక డిసెంబరు సాయంత్రం అయిదున్నరకు మా వీధి చివర ఎవరో కొబ్బరి మట్టలు, చెత్త పోగేసి అంటించారు. పొగ నిటారుగా లేచింది. కొబ్బరి చెట్టు తల దగ్గరకు వెళ్లగానే, పైన ఎవరో చాప పరిచినట్టు, అడ్డంగా తిరిగి నాలుగు వైపులా పాకడం మొదలుపెట్టింది. పావుగంటలో వీధి దీపాల చుట్టూ పసుపు గుండ్రాలు కట్టాయి. ఆ పొగ ఆ రాత్రంతా ఎక్కడికీ పోలేదు.

పగలు నేల వేడెక్కితే దాన్ని తాకిన గాలి తేలికై పైకి పోతుంది, పొగనూ వెంట తీసుకుపోతుంది. శీతకాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడి దానిని ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా అక్కడే కూర్చుంటుంది. దాని పైన వెచ్చటి పొర మూతలా పడుతుంది. కింద చల్లన, పైన వెచ్చన అయితే కింది గాలికి లేచే దారి లేదు. ఆ మూత ఎండ బాగా కాసి నేల కాగాక, అంటే ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక గానీ తెరుచుకోదు. మన ఊళ్లో గాలి చెడే రోజులని అనడం కన్నా చెడే గంటలని అనడం సరైనది.

సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే ఉంది. సముద్రపు గాలి ఊడ్చేయదా?

పగలు ఊడుస్తుంది. రాత్రి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మళ్లుతుంది, అదీ మెల్లగా. చలికాలం పగటి సముద్రపు గాలి కూడా బలహీనం. సాయంత్రం అది ఆగిపోయిన వేళకే జనం చెత్త అంటిస్తారు, అదేం ముహూర్తమో మరి.

పొద్దున్న కనిపించేది మంచా, పొగా?

తరచుగా రెండూ. మంచుబిందువులు కట్టడానికి గాలిలో నలుసులు కావాలి, మనం కావలసినన్ని అందిస్తున్నాం. విడివిడిగా గుర్తుపట్టాలంటే మూడు ఆనవాళ్లు. మంచయితే తెల్లగా ఉండి, స్కూటరు సీటు తడిగా ఉంటుంది, ఎండెక్కగానే విరిగిపోతుంది. పొగయితే బూడిదరంగులోనో పసుపురంగులోనో ఉండి, సీటు పొడిగా ఉంటుంది, తొమ్మిదిన్నరకు కూడా ఊరి శివారు కొండలు నీడల్లా కనిపిస్తాయి. మూడోది ముక్కు, దానికి మించిన పరికరం లేదు. వరిగడ్డి కాలిన వాసన తియ్యగా, చెత్త కాలిన వాసన చేదుగా ఉంటుంది. ప్లాస్టిక్ కాలితే గొంతు పట్టేస్తుంది.

ఫోనులో ఒక యాప్ 90 అంటుంది, ఇంకొకటి 150 అంటుంది. ఏది నమ్మాలి?

రెండూ అబద్ధం చెప్పకపోవచ్చు. కొలబద్దలు వేరు.

మన వాయు నాణ్యత సూచీ 2015 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో ఎనిమిది కాలుష్యాలు ఉన్నాయి: పీఎం 10, పీఎం 2.5 (అంటే 2.5 మైక్రాన్ల లోపు మరీ సన్నటి ధూళి), నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం. ఒక్కొక్కదానికి విడిగా అంకె వేసి, వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఆ రోజు సూచీగా ప్రకటిస్తారు. సగటు కాదు. 50 లోపు మంచిది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా మధ్యస్థం, 300 దాకా చెడ్డది, 400 దాకా చాలా చెడ్డది, ఆపైన తీవ్రం.

ఇక తేడా ఎక్కడంటే, పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన లెక్కలో సూచీ 100. అదే గాలిని అమెరికా కొలబద్దతో కొలిస్తే 150 దాటుతుంది. విదేశీ యాప్‌లు చాలావరకు ఆ కొలబద్దనే వాడతాయి. పైగా మన సూచీ ధూళికి 24 గంటల సగటు తీసుకుంటుంది, కొన్ని యాప్‌లు ఆ గంట అంకె చూపిస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మన కొలబద్ద ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. మీ వీధి పేరు పెట్టి అంకె చూపించినంత మాత్రాన మీ వీధిలో పరికరం ఉందని కాదు. ఉపగ్రహం చూసిన మసకను, వాతావరణ లెక్కలను కలిపి కట్టిన అంచనా కావచ్చు. చిన్న ఊళ్లలో పాత పద్ధతి కేంద్రాలు వారానికి రెండు రోజులే కొలుస్తాయి, ఏడాదికి 104 రోజులు. వడపోత కాగితం మీద పేరుకున్న ధూళిని తూచి చెప్పే పద్ధతి అది. ఏడాది సగటుకు అది చక్కగా పనికొస్తుంది. రేపు పొద్దున్న నడకకు వెళ్లాలా వద్దా అన్నదానికి పనికిరాదు. నా మట్టుకు నేను ఒకే యాప్ పెట్టుకుని, నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా అని మాత్రమే చూస్తాను.

వరిగడ్డి కాల్చడం పంజాబు సంగతి కదా? ఇక్కడ కూడా కాలుస్తారా?

మా చిన్నతనంలో గడ్డి కాల్చినవాణ్ణి ఊరు తిట్టేది. కోసిన పనలు ఆరాక కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చి, గడ్డిని పెరట్లో కుప్పగా వేసేవారు. ఆ కుప్ప ఎత్తును బట్టి ఇంటి కలిమి చెప్పేవారు. పిల్లనిచ్చేవారు కూడా ముందు గడ్డికుప్ప చూసేవారని మా అమ్మ అనేది.

ఇప్పుడు రెండు మార్పులు వచ్చాయి. ఎడ్ల స్థానంలో ట్రాక్టరు వచ్చింది, గడ్డి తినే నోళ్లు తగ్గాయి. కూలీలు దొరక్క కోత యంత్రం వచ్చింది. అది గింజను తీసుకుని గడ్డిని ముక్కలు చేసి చేనంతా వెదజల్లుతుంది, మోకాలెత్తు మోడును అలాగే వదిలేస్తుంది. దాన్ని ఏరించడానికయ్యే కూలి గడ్డి ధర కన్నా ఎక్కువ. అగ్గిపెట్టె ధర అందరికీ తెలుసు. కాబట్టి రైతును తిట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అయినా కాల్చడం నష్టమే, అది కూడా లెక్కే. టన్ను వరిగడ్డిలో ఇంచుమించు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మంట పెడితే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది, కానీ ఆ బూడిదను గాలి పక్కవాడి చేలో వేసి వస్తుంది. ఆపైన మనం దుకాణానికి వెళ్లి పొటాష్ బస్తా కొంటాం.

మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే పెసర, మినుము చల్లడం ఇక్కడ పాత అలవాటు. చేలో మిగిలిన పదునుకే అవి మొలుస్తాయి. మొలక మీద మంట ఎవరూ పెట్టరు. ఎక్కడ వరి తరువాత అపరాలు నిలిచాయో అక్కడ పొగ లేదు. ఎక్కడ చేనును ఖాళీ చేసి వెంటనే మొక్కజొన్న వేయాలన్న తొందర ఉందో అక్కడ ఉంది. గడ్డిని కట్టలు కట్టే యంత్రాన్ని నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకుంటే పాడి ఉన్నవాళ్లు కొంటారు, పుట్టగొడుగులు పెంచేవారూ అడుగుతారు. యంత్రం సరైన వారంలో దొరకడమే కష్టం. అందరికీ అదే వారం కావాలి.

వేసవిలో రాత్రిపూట దూరంగా కొండల మీద కనిపించే మంటలు ఏమిటి?

చాలావరకు పోడు. పార్వతీపురం వైపు కొండల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో నరికి ఎండబెట్టిన తుప్పలను వానకు ముందు కాలుస్తారు. చీకట్లో ఎర్రటి దండలు వేలాడదీసినట్టు ఉంటుంది. కొన్ని అడవిలో తెలియక అంటుకున్నవీ ఉంటాయి. కింద మైదానంలో మొక్కజొన్న కర్రలు, చెరకు చెత్త కాల్చేదీ ఇంచుమించు అప్పుడే. మైదానంలో ఉన్నవాళ్లు ఏడాదికి రెండుసార్లు కాల్చి కొండమీది వారిని వేలెత్తి చూపడం నాకు నచ్చదు.

మేడ మీద నల్లటి రవ్వలు పడుతున్నాయి. ఎక్కడివి?

వేలితో నలిపి చూడండి. మెత్తగా పొడై, పడవ ఆకారంలో చిన్న తునకలు కనిపిస్తే అది వరి ఊక బూడిద. ఉప్పుడు బియ్యం మిల్లులు వడ్లు ఉడికించడానికి ఊకనే మండిస్తాయి. పొగగొట్టం దగ్గర బూడిదను పట్టే ఏర్పాటు సరిగ్గా పనిచేస్తే ఇంత పడదు. జిడ్డుగా, నల్లగా అంటుకుంటే టైరో ప్లాస్టికో. ఎర్రటి సన్నటి దుమ్మయితే రోడ్డు మట్టి, ఇటుక బట్టీ రెండింటినీ అనుమానించండి. పలాస వైపు చుట్టాలింటికి వెళ్లినవారికి మరో పొగ తెలుసు. జీడి పిక్కల పెంకులో ఘాటైన నూనె ఉంటుంది, అది కాలితే కళ్లు మండుతాయి.

చెరువు వైపు నుంచి కుళ్లిన కంపు వస్తోంది. ఇది కూడా కాలుష్యమేనా?

అక్టోబరు ప్రాంతంలో అయితే గోగునార ఊరబెట్టిన వాసన కావచ్చు. కట్టలు నీళ్లలో కుళ్లి, నార విడివడేటప్పుడు వచ్చే వాయువుల కంపు అది. సూచీ లెక్కించే ఎనిమిదింటిలో అది లేదు, ఎంత కంపు కొట్టినా అంకె మారదు. చెరువులో చేపలకే ఎక్కువ హాని. గోగు సాగు బాగా తగ్గింది కాబట్టి ఈ కాలం పిల్లలకు ఆ వాసన తెలియదు. నాకు మాత్రం అది దసరా సెలవుల వాసన.

భోగి మంట వేయకూడదా?

వేయండి. కట్టె, పిడక, పాత చెక్క వేయండి. టైరు వేయకండి, రంగు పూసిన పాత తలుపు వేయకండి. జనవరి నడిమధ్య తెల్లవారుజామున, మూత బిగుసుకున్న వేళ, వీధి వీధినా ఒకేసారి మంట పెడతాం. ఏడాదిలో దీనికన్నా చెడ్డ గంట ఎంచుకోలేం. వీధికి ఒకటి చాలు, ఇంటికి ఒకటి అక్కర్లేదు. భోగి పిడకల దండలు వేయడానికి పిల్లలకు ఒక్క మంట ఉన్నా సరదాయే.

బాణసంచా విషయంలో మన ఉత్తరాంధ్ర వారికి ఒక అదనపు పూట ఉంది. దీపావళికి కాల్చగా మిగిల్చినవి నాగుల చవితికి దాచుకుంటాం. పుట్టలో పాలు పోసి వచ్చి మళ్లీ కాలుస్తాం. మిగతా జిల్లాల వాళ్లకు ఈ సంగతి చెప్తే నమ్మరు.

ఉదయం నడక ఎన్ని గంటలకు మంచిది?

జూన్ నుంచి అక్టోబరు దాకా మీ ఇష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయిదింటికి లేచి వెళ్లడం ఆరోగ్యం కోసమని అనుకుంటాం గానీ రాత్రంతా నిలిచిన గాలిని గుండెల నిండా పీల్చడమే అవుతుంది. ఎనిమిదిన్నర తరువాతో, మధ్యాహ్నం నాలుగింటికో వెళ్లండి. ఈ మాట అన్నందుకు మా నడక బృందంలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. వాళ్లు ఇప్పటికీ అయిదింటికే వెళ్తున్నారు, ఒకాయన దగ్గుతూ.

తువ్వాలు చుట్టుకుంటే చాలదా?

రోడ్డు దుమ్ముకు కొంత చాలుతుంది. పొగకు చాలదు. పీఎం 2.5 నలుసు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది, నేత సందుల్లోంచి దర్జాగా వెళ్తుంది. ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉంటే పనిచేస్తుంది. నూర్పిడి యంత్రం దగ్గర పనిచేసేవారు తప్పక పెట్టుకోవాలి. అక్కడ లేచే దూగర ఒట్టి ధూళే కాదు, అందులో బూజు కూడా ఉంటుంది.

ఇంట్లో ఉంటే క్షేమమేనా?

ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే బయటికన్నా లోపలే చెడ్డ గాలి. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మా పాలేరు ఇంట్లో కూడా గ్యాసు వచ్చింది. అయినా నీళ్లు కాచడానికి, పశువుల దాణా ఉడికించడానికి పెరట్లో కట్టెల పొయ్యి ఇంకా ఉంది, ఆ పొయ్యి ముందు కూర్చునేది ఆడవాళ్లే. గదిలో తలుపులు బిగించి వెలిగించే దోమల చుట్ట సంగతి ఎవరూ మాట్లాడరు. దోమతెర కట్టుకోండి. శీతకాలం కిటికీలు మధ్యాహ్నం తెరిచి, సాయంత్రం అయిదుకు ముందే మూయండి. కుండీలో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందని చెప్పేవారి మాట వినకండి. మొక్కలు అందానికి పెంచుకోండి.

పిల్లవాడికి ఉబ్బసం ఉంది. ఏం చేయాలి?

వైద్యుణ్ణి అడగాలి, నన్ను కాదు. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఏ రోజు ఆయాసం వచ్చింది, ఆ రోజు చుట్టుపక్కల ఏం జరిగింది అని రాసుకుని వెళ్లండి. కోతల వారమా, సున్నాలు వేసిన రోజా, మామిడి పూత మీద మందు కొట్టిన రోజా అన్నది తెలిస్తే వైద్యుడికి దారి దొరుకుతుంది. పీల్చే మందు వాడితే అలవాటైపోతుందన్న భయంతో మానేయకండి. మా ఇంట్లో ఆ తప్పు చేసి ఒక రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం.

తుఫాను వెళ్లాక గాలి అంత శుభ్రంగా ఉండి, వారానికే ఎందుకు చెడుతుంది?

పడిపోయిన చెట్ల వల్ల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి వెళ్లాక ఎక్కడ చూసినా కొమ్మలు, ఆకులు, మట్టలు. ఎత్తి పారేయడానికి మనుషులు లేక పచ్చివాటినే అంటించారు. పచ్చి ఆకు మండదు, ఉడుకుతుంది, ఆ పొగ ఎండిన కట్టె పొగకు రెండింతలు కళ్లు మండిస్తుంది. ఆగగలిగితే నెల ఎండనివ్వండి, వంటచెరకు అయినా అవుతుంది.

వీధిలో చెత్త తగలబెడుతుంటే ఎవరికి చెప్పాలి?

ముందు అంటించినవారికే, మర్యాదగా. తరువాత వార్డు సచివాలయానికి, నగరపాలక సంస్థకు. మిల్లు, బట్టీ, క్రషర్ అయితే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. చోటు, తేదీ, సమయం, రెండు ఫొటోలు ఉండాలి. "ఎప్పుడూ పొగే" అని రాస్తే ఎవరూ రారు. "మంగళవారం రాత్రి పదకొండు నుంచి రెండు దాకా" అని రాస్తే వచ్చే అవకాశం ఉంది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. మా వీధిలో ఇప్పటిదాకా ఎవరూ కట్టలేదు. చెత్త తీసుకువెళ్లాల్సిన బండి మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు అంటించేది ఆ పని కోసమే ఉన్న మనిషి అయినప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలో నాకూ తోచలేదు. అతనికి టీ ఇచ్చి అడిగాను. "బాబూ, బండి లేదు, పైవాళ్లు శుభ్రంగా కనిపించాలంటారు" అన్నాడు. ఆ తరువాత మేం పదిళ్ల వాళ్లం ఎండుటాకులకు ఖాళీ స్థలంలో ఒక గొయ్యి తవ్వించాం. ఆకు పొగ తగ్గింది, ప్లాస్టిక్ పొగ తగ్గలేదు.

చలికాలంలో ఉతికిన బట్టలు ఎప్పుడు ఆరేయాలి?

పదింటికి వేసి నాలుగింటికి తీసేయండి. రాత్రి వదిలేయకండి. ఊక బూడిద పడితే తడి చేత్తో రుద్దకండి, గీత పడి ఇక పోదు. ఎండనిచ్చి, దులిపి, ఊదండి.